విదేశాల్లో స్వచ్ఛంద సేవ: తిరుపతి, చిత్తూరు ప్రాంతం నుంచి వెళ్లేవారి ఖర్చులు

ఒక దేశపు యువతీయువకులు మరో దేశంలోని బడిలోనో, ఆసుపత్రిలోనో, పొలంలోనో, పర్యావరణ సంస్థలోనో కొన్ని వారాల నుంచి ఏడాది దాకా జీతం లేకుండా పనిచేసేందుకు రెండు దేశాల సంస్థలు కుదుర్చుకునే ఏర్పాటే విదేశీ స్వచ్ఛంద సేవా ఎక్స్‌ఛేంజ్. పనికి కూలి ఉండదు. కానీ పనిచేసే మనిషికి టికెట్, వీసా, బీమా, గది, తిండి కావాలి. వాటి ఖర్చు ఎవరో ఒకరు భరించక తప్పదు. నిర్వాహక సంస్థ ప్రకటించే రుసుము ఈ మొత్తంలో ఒక భాగం మాత్రమే, చాలాసార్లు అది చిన్న భాగం. పాత చిత్తూరు జిల్లా, అంటే నేటి తిరుపతి, చిత్తూరు జిల్లాలు, మదనపల్లె ప్రాంతం నుంచి వెళ్లే విద్యార్థికి ఈ లెక్క ఎలా ఉంటుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఈ ప్రాంతంలో ఇలాంటి అవకాశాల గురించి ఆరా తీసే విద్యార్థులకు కొదవలేదు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (1954), శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం (1983), 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం (1997) ఉంది. వీటిలో చదివే పిల్లల్లో చాలామంది మామిడి తోటలు, పాడి, చిన్న వ్యాపారం, చిరుద్యోగాల మీద బతికే ఇళ్ల నుంచి వచ్చినవారు. అలాంటి ఇంట్లో లక్షన్నర రూపాయలు అక్కచెల్లెలి పెళ్లికో, బోరు వేయడానికో దాచుకున్న సొమ్ము అయ్యుంటుంది. కాబట్టి ప్రతి పద్దునూ విడదీసి చూడాలి.

సేవకుడి ఖర్చు ఎవరిది

స్వచ్ఛంద సేవ చేసే మనిషికి కూడు, గూడు ఎవరు పెట్టాలన్న ప్రశ్నకు ఈ ప్రాంతవాసులకు బాగా తెలిసిన జవాబు తిరుమలలోనే ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం 2000లో శ్రీవారి సేవ మొదలుపెట్టింది. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటకల నుంచి బృందాలుగా వచ్చే సేవకులు క్యూలైన్లలో, అన్నప్రసాద భవనంలో కొన్ని రోజుల పాటు పనిచేస్తారు. కొండ దాకా రానుపోను ఛార్జీలు వారివి. కొండ మీద బస, భోజనం దేవస్థానానివి. సేవ చేసే అవకాశానికి వారి దగ్గర రుసుము తీసుకోరు. ప్రయాణం సేవకుడిది, పోషణ ఆతిథ్య సంస్థది అన్న ఈ విభజన ప్రపంచంలోని పాత స్వచ్ఛంద సేవా సంప్రదాయాలతో సరిగ్గా సరిపోతుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ధ్వంసమైన ఫ్రాన్స్ గ్రామాలను తిరిగి కట్టేందుకు స్విట్జర్లాండ్‌కు చెందిన పియర్ సెరిసోల్ 1920లో వెర్దున్ దగ్గర ఒక శిబిరం నడిపాడు. అదే సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ సంస్థకు నాంది. 1934 బీహార్ భూకంపం తర్వాత ఆయన భారతదేశానికి వచ్చి పునర్నిర్మాణ పనుల్లో పాల్గొన్నాడు. ఆ దారిలో పుట్టిన వర్క్‌క్యాంపులు నేటికీ చాలా దేశాల్లో రెండు మూడు వారాల చొప్పున నడుస్తున్నాయి. వాలంటీర్ టికెట్ పెట్టుకుని, చిన్న నమోదు రుసుము కట్టి వెళతాడు. తిండి, పడక శిబిరం వాళ్లు చూసుకుంటారు. తక్కువ డబ్బుతో వెళ్లాలనుకునే విద్యార్థి మొదట వెతకవలసింది వీటినే.

రెండో పద్ధతిలో ప్రభుత్వమో, అంతర్జాతీయ సంస్థో ఖర్చంతా భరిస్తుంది. 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ప్రారంభించిన పీస్ కోర్ వాలంటీర్లు అదే ఏడాది చివర భారత్‌కు వచ్చారు. 1976 వరకు ఈ కార్యక్రమం ఇక్కడ సాగింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ వాళ్లు పనిచేశారు. వారి జీవనభృతిని అమెరికా ప్రభుత్వమే ఇచ్చేది. బ్రిటన్‌లో 1958లో మొదలైన వీఎస్‌ఓ, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానంతో 1970లో ఏర్పడిన ఐరాస వాలంటీర్ల సంస్థ కూడా ఈ కోవలోవే. బాన్ నగరం కేంద్రంగా నడిచే ఐరాస సంస్థ తన వాలంటీర్లకు జీవనభృతి, ప్రయాణ ఖర్చు, బీమా ఇస్తుంది. ఎంపికలో ఏ దశలోనూ డబ్బు తీసుకోదు. అందువల్ల ఐరాస వాలంటీర్ పోస్టు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే.

జర్మనీ ఈ విషయంలో ప్రత్యేకంగా చెప్పుకోదగ్గ దేశం. అక్కడ 1964 నుంచి ఏడాది స్వచ్ఛంద సేవకు చట్టం ఉంది. 2011లో సమాఖ్య స్వచ్ఛంద సేవ అనే మరో పథకం వచ్చింది. వీటిలో చేరినవారికి ఆతిథ్య సంస్థ నెలనెలా చేతిఖర్చు ఇస్తుంది, ఆరోగ్య బీమాతో సహా సామాజిక బీమా కడుతుంది. చాలాచోట్ల బస, భోజనం కూడా సమకూరుస్తుంది. జర్మన్ ప్రభుత్వం 2008లో తన యువతను దక్షిణాది దేశాలకు పంపేందుకు ‘వెల్ట్‌వేర్ట్స్’ కార్యక్రమం పెట్టి, 2013 నుంచి ఆ దేశాల యువత జర్మనీకి వచ్చేందుకూ దారి తెరిచింది. మన విద్యార్థికి ఇందులో అసలు పెట్టుబడి డబ్బు కాదు, భాష. జర్మన్ కొంతైనా రావాలి. తిరుపతిలో ఉండి ఆ స్థాయి అందుకోవాలంటే ఆన్‌లైన్ తరగతులకో, చెన్నైలోనో బెంగళూరులోనో ఉండి నేర్చుకోవడానికో కొన్ని నెలలు, కొన్ని వేలు పెట్టాలి.

మూడో పద్ధతిలో భారమంతా వాలంటీర్ మీదే పడుతుంది. 1948లో యూరప్‌లో విద్యార్థులు స్థాపించుకున్న ఐసెక్ సంస్థ కార్యక్రమాలు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటాయి. రుసుము, టికెట్, వీసా, బీమా విద్యార్థివే. బస చాలా ప్రాజెక్టుల్లో దొరుకుతుంది. భోజనం మాత్రం ప్రాజెక్టును బట్టి ఉంటుంది, కొన్నింట రోజుకు ఒక్క పూటే పెడతారు, కొన్నింట అసలు ఉండదు. వీటికి తోడు పూర్తి వ్యాపారంగా నడిచే కంపెనీలు ఉన్నాయి. వాటి ప్యాకేజీలో విహారయాత్ర పాలు ఎక్కువ, సేవ పాలు తక్కువ. రోటరీ క్లబ్బుల ఎక్స్‌ఛేంజ్ రెండో, మూడో పద్ధతులకు మధ్యస్థం. టికెట్, బీమా, వీసా కుటుంబం పెట్టుకుంటే, అక్కడి ఇళ్లవాళ్లు తమ పిల్లల్లో ఒకరిగా ఉంచుకుంటారు. తిరుపతి, చిత్తూరులలో రోటరీ క్లబ్బులు ఉన్నాయి కాబట్టి ఆ వివరాలు ఊళ్లోనే అడిగి తెలుసుకోవచ్చు.

భారత ప్రభుత్వ కార్యక్రమాలను చాలామంది మరిచిపోతారు. 1969 సెప్టెంబర్ 24న, గాంధీజీ శతజయంతి ఏడాది, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్ నేడు దాదాపు ప్రతి కాలేజీలో ఉంది. కేంద్ర యువజన వ్యవహారాల శాఖ ఇతర దేశాలతో యువజన బృందాలను ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లనూ తీసుకుంటుంది. ఎన్‌సీసీకి వేరుగా యూత్ ఎక్స్‌ఛేంజ్ ఉంది. ఎంపికైనవారికి ఖర్చు ప్రభుత్వానిది. సీట్లు చాలా తక్కువ, పోటీ చాలా ఎక్కువ. అయినా రెండేళ్లు నిష్ఠగా ఎన్‌ఎస్‌ఎస్‌లో పనిచేసిన పిల్ల తన ప్రోగ్రాం ఆఫీసర్‌ను ఈ మాట అడగకుండా ఉండిపోవడం చూస్తే బాధనిపిస్తుంది.

బయల్దేరే ముందు

తిరుపతిలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉండటం పెద్ద వెసులుబాటు. 36 పేజీల సాధారణ పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు. తత్కాల్ అయితే అదనంగా 2,000. దీర్ఘకాలిక సేవకు, ముఖ్యంగా పిల్లలతో పనిచేయడానికి, పోలీసు క్లియరెన్స్ ధ్రువపత్రం అడుగుతారు. దానికి రుసుము 500 రూపాయలు.

ఖర్చు పెరిగేది ఆ తర్వాత. తిరుపతిలో వీసా కార్యాలయాలు లేవు. యూరప్ దేశాల దరఖాస్తులకు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలోని కేంద్రాలకు స్వయంగా వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి. అమెరికా వీసాకు వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు మరో రోజు. చెన్నై తిరుపతికి దగ్గర, తెల్లవారుజామున రైలుకో బస్సుకో వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. హైదరాబాద్ అయితే రాత్రి ప్రయాణం, పగలు లాడ్జి, మళ్లీ రాత్రి ప్రయాణం. అమ్మాయి అయితే ఇంటి నుంచి ఒకరు తోడు వస్తారు, ఖర్చు రెట్టింపవుతుంది. రేణిగుంట విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చినా విదేశీ ప్రయాణానికి చెన్నైకో బెంగళూరుకో వెళ్లాల్సిందే. మదనపల్లె, కుప్పం వాళ్లకు బెంగళూరు అనుకూలం, తిరుపతి, శ్రీకాళహస్తి వాళ్లకు చెన్నై. చిత్తూరు వాళ్లు రెండు చోట్లా టికెట్ ధర చూసి ఎంచుకోవచ్చు, తేడా కొన్ని వేలు ఉంటుంది.

టీకాల ఖర్చు వెళ్లే దేశాన్ని బట్టి ఉంటుంది. కెన్యా, ఉగాండా, ఘనా వంటి దేశాలకు వెళ్లేవారు పచ్చజ్వరం టీకా తప్పనిసరిగా వేయించుకోవాలి. ఇది ప్రతి ఆసుపత్రిలో దొరకదు, కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అలాంటిదే. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే ధ్రువపత్రం చెల్లుబాటులోకి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 జులైలో చేసిన మార్పుతో అది జీవితాంతం చెల్లుతుంది. ధ్రువపత్రం లేకుండా ఆ దేశాల నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు.

వీసా: అన్ని పద్దుల్లో చిక్కుముడి

జీతం తీసుకోవడం లేదు కదా, టూరిస్టు వీసా సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చాలా దేశాల చట్టం అలా చూడదు. థాయిలాండ్ 2024 జులైలో భారతీయులకు 60 రోజులు వీసా లేకుండా తిరగడానికి అవకాశం ఇచ్చింది. అది పర్యటనకే. అక్కడ స్వచ్ఛంద సేవకు వేరే వీసా, పని అనుమతి కావాలి. నిర్వాహకులు ‘టూరిస్టుగా దిగండి, తర్వాత చూసుకుందాం’ అంటే, పట్టుబడినప్పుడు దేశం నుంచి పంపేసేది విద్యార్థినే. ఆ ముద్ర తర్వాత చదువుకోసం పెట్టే ప్రతి వీసా దరఖాస్తులోనూ అడ్డు వస్తుంది.

యూరప్‌లోని షెంగెన్ దేశాలకు 90 రోజుల లోపు వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు, అంటే సుమారు 9 వేల రూపాయలు. దరఖాస్తు కేంద్రం సేవా రుసుము అదనం. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా ఉండాలి. వీసా తిరస్కరించినా రుసుము తిరిగి రాదు.

బ్రిటన్ లెక్క వేరు. సందర్శకుడి వీసా మీద వెళ్లినవారు అక్కడ నమోదైన ధర్మసంస్థలో 30 రోజుల లోపు సేవ చేయవచ్చు. అంతకు మించితే చారిటీ వర్కర్ వీసా కావాలి. ఇది గరిష్ఠంగా 12 నెలలకు, రుసుము 300 పౌండ్ల పైచిలుకు. ఆరు నెలలు దాటితే ఆరోగ్య సర్‌ఛార్జి కట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి అది ఏడాదికి 1,035 పౌండ్లు. అంటే లక్ష రూపాయలు దాటుతుంది. దీనికి తోడు, ఖాతాలో 1,270 పౌండ్లు వరసగా 28 రోజులు ఉన్నట్టు చూపాలి, లేదా ఆతిథ్య సంస్థ పూచీ పడాలి. కాబట్టి బ్రిటన్ సంస్థతో మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న ఇదే: సర్‌ఛార్జి, పూచీ మీరు పెట్టుకుంటారా? పేరున్న సంస్థలు సూటిగా జవాబిస్తాయి.

అమెరికాకు వెళ్లే ఎక్స్‌ఛేంజ్ సందర్శకులకు జే-1 వీసా. దరఖాస్తు రుసుము 185 డాలర్లు. అక్కడి ఎక్స్‌ఛేంజ్ సందర్శకుల నమోదు వ్యవస్థ అయిన సెవిస్‌కు రుసుము సాధారణంగా 220 డాలర్లు, వేసవి శిబిరాల్లో పిల్లలను చూసుకునే క్యాంప్ కౌన్సిలర్ వంటివారికి 35. వీసాపై 250 డాలర్ల మరో రుసుము వేసేందుకు 2025 జులైలో అక్కడ చట్టం చేశారు. బీమా కనీసం లక్ష డాలర్లది కావాలి. పూర్తి ఖర్చు అమెరికా ప్రభుత్వమే భరించే కార్యక్రమాలూ ఉన్నాయి. 2002లో మొదలైన కెన్నెడీ-లూగర్ ‘యస్’ పథకంలో హైస్కూలు విద్యార్థులు ఏడాది పాటు అక్కడి కుటుంబాల్లో ఉండి చదువుకుంటూ సమాజసేవ చేస్తారు. తెలుగు గురుకుల పాఠశాలల నుంచీ పిల్లలు ఎంపికయ్యారు. ఇలాంటివి ఆ దేశపు బడ్జెట్ మీద ఆధారపడతాయి కనుక ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి.

ప్రభుత్వ సొమ్ముతో జే-1 మీద వెళ్లినవారికి రూపాయల్లో కనిపించని ఖర్చు ఒకటుంది. తిరిగి వచ్చాక స్వదేశంలో మొత్తం రెండేళ్లు గడిపితేనే అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగానికి గానీ, శాశ్వత నివాసానికి గానీ అర్హత వస్తుంది. అమెరికా ప్రభుత్వ నైపుణ్యాల జాబితా కారణంగా ఇదే నిబంధన చాలామంది భారతీయులకు వర్తించేది, 2024 డిసెంబర్‌లో భారత్‌ను ఆ జాబితా నుంచి తీసేశారు. ప్రభుత్వ నిధులతో వెళ్లినవారికి మాత్రం నిబంధన అలాగే ఉంది. ఇంజనీరింగ్ తర్వాత అమెరికా అన్నది లెక్కలో ఉన్న ఇంట్లో ఈ సంగతి ముందే తెలియాలి.

వీసా ఖర్చే లేని దేశం నేపాల్. భారతీయులకు పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. రైల్లో గోరఖ్‌పూర్ దాకా వెళ్లి సరిహద్దు దాటవచ్చు. మొదటిసారి వెళ్లే విద్యార్థికి ఇంత తక్కువలో అయ్యే పరదేశం మరొకటి లేదు.

రుసుము లోపల ఏముంది

నిర్వాహక సంస్థ రుసుము చూడగానే ఎక్కువ తక్కువలు తేల్చడం పొరపాటు. ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ఎనిమిది వారాలు ఒక యూరప్ దేశానికి. టికెట్ 65,000 రూపాయలు, రుసుము 25,000, వీసా, బీమా కలిపి 15,000, పత్రాలు, చెన్నై ప్రయాణాలు 6,000. ఇంతవరకు 1,11,000. భోజనం ఆతిథ్య సంస్థది అయితే చేతిఖర్చు 24,000 చాలు, మొత్తం 1,35,000 అవుతుంది. భోజనం మనదే అయితే చేతిఖర్చుతో కలిపి వారానికి 100 యూరోల చొప్పున 80,000 పడుతుంది, మొత్తం 1,91,000. తేడా 56,000. అంటే భోజనం ఎవరిదన్న ఒక్క మాట రుసుముకు రెండు రెట్లకు పైగా విలువ చేస్తోంది. రుసుము 10,000 తగ్గించమని బతిమాలేవారు భోజనం సంగతి కాగితం మీద రాయించుకోవడం మరిచిపోతుంటారు.

కాగితం మీద ఉండాల్సినవి ఇంకా ఉన్నాయి. గది ఎంతమందికి, విమానాశ్రయం నుంచి ఊరికి ఎవరు తీసుకెళతారు, పనిచోటికి రోజూ బస్సు ఛార్జీ ఎవరిది, వీసా రాకపోతే రుసుములో ఎంత తిరిగిస్తారు, మధ్యలో జబ్బుపడి వచ్చేయాల్సి వస్తే ఏమిటి. చివరి రెండింటికీ జవాబు లేని ఒప్పందంపై సంతకం పెట్టకూడదు. రుసుములో ఎంత భాగం ఆతిథ్య సంస్థకు చేరుతుందని కూడా అడగాలి. మధ్యవర్తి దగ్గరే ఆగిపోయే సొమ్ముతో అక్కడి బడికి ఒరిగేదేమీ లేదు.

డబ్బు ఎక్కడి నుంచి

బ్యాంకులు విద్యారుణం ఇచ్చేది గుర్తింపు పొందిన కోర్సులకే. స్వచ్ఛంద సేవకు ఆ దారి మూసుకుపోయినట్టే. అప్పుడు ఇళ్లలో కనిపించేవి మూడే: బంగారం కుదువ పెట్టడం, చీటీ పాడుకోవడం, తెలిసినవారి దగ్గర వడ్డీకి తేవడం. పై ఉదాహరణలోని 1,91,000 రూపాయలను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 3,820 కట్టాలి. చదువు అయి ఉద్యోగం వచ్చేసరికి ఏడాదిన్నర పడితే వడ్డీ ఒక్కటే 68,760. అదే బంగారం మీద బ్యాంకులో ఏడాదికి నూటికి 10 చొప్పున తెస్తే ఏడాదికి 19,100. రెండు రూపాయల వడ్డీ అప్పు తెచ్చి ఎనిమిది వారాల సేవకు వెళ్లడం ఏ విధంగానూ సమర్థించదగింది కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

వీసా కోసం ఖాతాలో నిల్వ చూపించడానికి కొన్నాళ్లు డబ్బు వేసి కమిషన్ తీసుకునేవాళ్లు ఉంటారు. విద్యార్థి వీసాల్లో బాగా పాతుకుపోయిన అలవాటు ఇది. వీసా అధికారికి అనుమానం వస్తే తప్పుడు పత్రం ఇచ్చినట్టే లెక్క, నిషేధం ఏళ్ల తరబడి ఉంటుంది.

పన్ను సంగతి ఒకటి. విదేశాలకు పంపే సొమ్ముపై మూలం వద్ద పన్ను వసూలు 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటితేనే. అది విద్యార్థిని తాకదు. కానీ నిర్వాహకుడు టికెట్, బస కలిపి విదేశీ టూర్ ప్యాకేజీగా బిల్లు వేస్తే మొదటి రూపాయి నుంచే వసూలు చేస్తారు. రేటు బడ్జెట్లలో మారుతుంటుంది. ఆదాయపన్ను రిటర్న్ వేస్తే ఆ సొమ్ము సర్దుబాటవుతుంది. రిటర్న్ వేసే అలవాటు లేని ఇంట్లో అది పోయినట్టే.

గల్ఫ్ బాటతో పోలిక

ఈ ప్రాంతానికి విదేశం అంటే మొదట గుర్తొచ్చేది కువైట్. రాయచోటి, పీలేరు, మదనపల్లె వైపు నుంచి ఇళ్లలో పనికి, డ్రైవర్లుగా, కూలీలుగా వెళ్లినవారి కష్టాలు చాలా కుటుంబాలకు తెలుసు. ఆ వలసదారుల కోసం 1983 వలస చట్టం ఉంది. నమోదైన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. పదో తరగతి పాస్ కాని వారు 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేటప్పుడు అనుమతి తీసుకోవాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమాకు రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం.

ఆచరణలో ఉల్లంఘనలు జరుగుతున్నా, గీత అంటూ ఒకటి ఉంది. వాలంటీర్‌కు ఆ గీత కూడా లేదు. జీతం లేని పని కనుక అతడు వలస కార్మికుడు కాడు. మధ్యవర్తి రుసుముకు చట్టపరమైన పరిమితి లేదు, తప్పనిసరి నమోదు లేదు, ఆ చవక బీమా వర్తించదు. ఫిర్యాదు చేయాలంటే వినియోగదారుల కమిషనే దిక్కు. చదువుకున్న పిల్లలు మోసపోరన్న నమ్మకం మీద ఈ ఖాళీ ఇలాగే ఉండిపోయింది. వాలంటీర్లను పంపే సంస్థలకు కూడా నమోదు, రుసుము రసీదు, డబ్బు వాపసు నిబంధనలు పెట్టడం ప్రభుత్వానికి పెద్ద పని కాదు.

అటు నుంచి ఇటు

ఎక్స్‌ఛేంజ్ అన్నాక రాకపోకలు రెండూ ఉండాలి. ఈ ప్రాంతానికి వచ్చి పనిచేసిన విదేశీయుల చరిత్ర నూరేళ్లు దాటింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయాన్ని డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ నడిపాడు. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1915లో అనీ బీసెంట్ పిలుపుతో భారత్‌కు వచ్చిన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ మదనపల్లె థియొసాఫికల్ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యాడు. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ అతిథిగా వచ్చి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించింది అక్కడే. పొరుగున అనంతపురంలో స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు తెలియనివారు రాయలసీమలో ఉండరు. ఈ విదేశీయులంతా ఏళ్ల తరబడి ఉండి పనిచేశారు, ఆరు వారాలకు వచ్చి పోయినవారు కారు.

ఇప్పుడు ఇక్కడి బడికో ట్రస్టుకో వాలంటీర్‌గా వచ్చే విదేశీయుడికీ నియమాలున్నాయి. జీతం లేకుండా నెలలోపు పని అయితే ఈ-టూరిస్టు వీసా చాలు. అంతకు మించితే స్వచ్ఛంద సంస్థ పేరు ముద్రించిన ఎంప్లాయ్‌మెంట్ వీసా కావాలి. మామూలు ఉద్యోగులకు ఉండే కనీస జీతం షరతు వీరికి వర్తించదు. బస ఇచ్చినవారు 24 గంటల్లో వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. 180 రోజులు దాటే వీసా అయితే వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయంలో నమోదు కావాలి. ఆ వాలంటీర్ పోతూ పోతూ సంస్థకు విరాళం ఇవ్వాలనుకుంటే, సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద నమోదు ఉండాలి. లేకపోతే ఆ మంచి మనసు సంస్థను కేసులో ఇరికిస్తుంది.

కాలం, పని, పిల్లలు

ఎనిమిది వారాల కార్యక్రమాలు ఎక్కువగా మే నుంచి జులై మధ్య పడతాయి. చిత్తూరు జిల్లాలో తోతాపురి కోతలు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల బారులు కూడా ఆ రోజుల్లోనే. చేతికందిన కొడుకో కూతురో ఆ సమయంలో లేకపోతే తోటలో కూలీని పెట్టాలి. పరీక్షలు వెనక్కి జరిగితే హాజరు తగ్గి, కండోనేషన్ ఫీజు కట్టాలి. కొన్ని విశ్వవిద్యాలయాలు సేవకు క్రెడిట్లు ఇస్తాయి. వెళ్లే ముందే విభాగాధిపతి నుంచి రాతపూర్వకంగా తీసుకుంటే తిరిగొచ్చాక తిప్పలు తప్పుతాయి.

ఆతిథ్యం ఇచ్చే సమాజానికి అయ్యే ఖర్చు లెక్కల్లో కనిపించదు. మూడు వారాలకొకరు మారిపోయే ఇంగ్లీషు టీచర్ల మధ్య పిల్లల చదువు ముందుకు సాగదు. అనాథాశ్రమాల్లో పరిస్థితి ఇంకా దారుణం. నేపాల్ ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికే ఉన్నారని యూనిసెఫ్ చెబుతూ వచ్చింది. విదేశీ వాలంటీర్లు, వారి విరాళాలు వస్తాయన్న ఆశతోనే కొన్నిచోట్ల పిల్లలను ఇళ్ల నుంచి తెచ్చి పెడుతున్నారు. దీన్ని పిల్లల అక్రమ రవాణాగా చూడాలని ఆస్ట్రేలియా పార్లమెంటు విచారణ 2017లో సిఫార్సు చేసింది. మన దేశంలో 2015 బాలల న్యాయ చట్టం కింద ప్రతి బాలల సంరక్షణ సంస్థ నమోదు కావాలి. తక్కువ ఖర్చని నేపాల్‌ను ఎంచుకునే తిరుపతి విద్యార్థి అక్కడి ఆశ్రమాలకు బదులు భూకంప పునర్నిర్మాణం, నీటి పథకాలు, పొలం పనుల శిబిరాలు చూసుకోవడం మేలు. పిల్లలతోనే పనిచేయాలనుకుంటే, చేర్చుకునే ముందు పోలీసు ధ్రువపత్రం, ఇద్దరి సిఫార్సు లేఖలు పట్టుబట్టి అడిగే సంస్థనే ఎంచుకోవాలి. ఆ పత్రానికి పెట్టే 500 రూపాయలు అక్కడి పిల్లల రక్షణ కోసం.